ముందు వరసలో ఊదారంగు

బట్టల కొట్లోకి వచ్చిన మనిషి ఎంత చదువుకున్నా, ఎన్ని దేశాలు తిరిగినా, లోపల మాట్లాడే మాటలు గుప్పెడే అని అన్యెల్లో సిద్ధాంతం. "ఊరికే చూస్తున్నాను", "ఒకసారి వేసుకుని చూడొచ్చా?", "నాకెలా ఉంది?", "దీంట్లో ఇంకో సైజుందా?", "చివరి మాట చెప్పండి", "ఆలోచిస్తాను". అంతే. ఈ గుప్పెడు మాటలు నోటికొస్తే చాలు, ఇటలీలోని నాపోలి ఊళ్ళో పురుటిగుడ్డల నుంచి పోయేనాటి సూటు దాకా ఎవరైనా మానంగా బతికేయవచ్చు.

అయితే కోటుకి లైనింగు ఉన్నట్టే ఒక్కో మాటకీ లోపల ఒక అర్థం ఉంటుంది. "ఊరికే చూస్తున్నాను" అంటే బయట వాన పడుతోందని. "ఇంకో సైజుందా?" అంటే క్రిస్మస్‌కి గట్టిగా తిన్నానని. "నాకెలా ఉంది?" అంటే నిజం తప్ప ఏదైనా చెప్పమని. ఇక "ఆలోచిస్తాను" అనేదానికి లైనింగు లేదు, గుండీలు లేవు. అది నిలువునా వీడ్కోలు. సానీతా పేటలో పాత సమాధుల్లోంచి పుర్రెలు లేచొచ్చి లాటరీ నంబర్లు చెప్పాయని ఒట్టేసేవాళ్ళున్నారు గాని, ఆలోచిస్తానని వెళ్ళిన మనిషి తిరిగొచ్చాడని ఒట్టేసేవాడు ఒక్కడూ లేడు.

అన్యెల్లో అమ్మేది బట్టలు, నెత్తిమీద ఉన్నది బట్టతల. "అందరికీ దేవుడు తలరాత రాస్తే నాకు తలమీదే బోర్డు రాశాడు" అని తనే నవ్వేవాడు. కొట్టు చిన్నది, గొంతు పెద్దది. ముందు గదిలో నిలబడి దర్జా వెలగబెట్టేది అన్యెల్లో అయితే, వెనక గదిలో కూర్చుని దర్జీపని చేసేది మరదలు తితీనా. భార్య పోయాక పిల్లని పెంచిందీ, కొట్టుని నిలబెట్టిందీ, బావ కోతల్ని కత్తిరిస్తూ వచ్చిందీ ఆవిడే. కోతలు ఆయనవి, కత్తెర ఆవిడది.

అన్ని రకాల మనుషులకీ ఊదరగొట్టి అన్ని రకాల బట్టలూ అంటగట్టిన ఆ మహానుభావుడి కొట్లో, ఎంత ఊదినా కదలనిది ఒకే ఒక్కటి ఉండేది. ఊదారంగు గౌను. ఉన్ని గుడ్డ, పొడుగు చేతులు, నడుముకి బెల్టు, పండిన వంకాయ నిగనిగ. వేసుకుంటే రాణీలా ఉంటారు. కాని వేసుకునేదెవరు? సందు చివర నాటకశాల ఉంది. సందులో సగంమంది ఆ నాటకశాల మీద బతికేవాళ్ళే: వేషాలు వేసేవాళ్ళు, తెరలు లాగేవాళ్ళు, టిక్కెట్లు చింపేవాళ్ళు, వాళ్ళ పెళ్ళాలు, అత్తలు. నాటకశాలలో ఊదారంగు కనబడిందో, ఆట చచ్చిందే అని ఉగ్గుపాలతో తాగినవాళ్ళు. పూర్వం ఈస్టరు ముందు ఉపవాసాల రోజుల్లో చర్చిలో ఫాదర్లు ఊదా వేసుకునేవారట, ఆ రోజులన్నీ నాటకాలు బంద్. జనానిది ఉపవాసమైతే నటులది ఒట్టి పస్తు. ఆ పస్తు పోయి ఎన్నో తరాలైనా, రంగు మీద కోపం మాత్రం పోలేదు.

"దాన్ని తగలెయ్ బావా, కొట్టుకే దిష్టి" అనేది తితీనా దుమ్ము దులిపినప్పుడల్లా.

"ప్రతి బట్టకీ ఒక మనిషి పుట్టే ఉంటుంది తితీనా. దీని మనిషి కాస్త దూరంలో ఉందంతే. బండి లేటు."

ఇలా ఉండగా అన్యెల్లో కూతురు ఫొర్తూనాకి అదృష్టం పట్టింది. ఏళ్ళ తరబడి డాన్ సవేరియో నాటక కంపెనీలో ఆ అమ్మాయికి ఉన్నవి రెండే మాటలు. మొదటి అంకంలో "కాఫీ తెచ్చానండీ". రెండో అంకంలో "కాఫీ చల్లారిపోయిందండీ". నవ్వించే వంటమనిషి వేషం వేసే ఆవిడ, టీవీ సీరియల్లో తల్లి వేషం దొరికిందని చెప్పాపెట్టకుండా రోముకి వెళ్ళిపోయింది. సవేరియో తన తెల్లమీసం దువ్వుకుని ఫొర్తూనాని పిలిచాడు.

"ఒక్క ఆదివారం ఇస్తున్నానమ్మా. జనం నవ్వితే వేషం నీది. నవ్వకపోతే మళ్ళీ కాఫీ నీది."

వేషం నిలబడితే వసంతంలో కంపెనీతో పాటు ఊరూరా తిరగొచ్చు. లేకపోతే ఆ వేషానికి సవేరియో మేనకోడలు అప్పుడే అద్దం ముందు ముక్కు ఎగరేసి చూసుకుంటోంది. ఇంట్లో ఫొర్తూనా ఉల్లిపాయలు తరుగుతూ, మెట్లెక్కుతూ, పళ్ళు తోముకుంటూ వేషం మాటలే వల్లించింది. కూతురు అంత కష్టపడుతుంటే తండ్రి చేతులు ముడుచుకుని కూర్చుంటాడా? చేతులు ముడుచుకుంటే చొక్కా ముడతలు పడుతుంది. అన్యెల్లో వెళ్ళి ఆదివారం ఆటకి ముందు వరస మొత్తం కొనేశాడు.

"ముందు వరస నవ్వితే వెనక వరసలు సిగ్గు లేకుండా నవ్వుతాయి. నా కొట్లో ఏది కొన్నా ముందు వరసలో ఒక కుర్చీ ఉచితం!" అని సందంతా వినబడేలా చెప్పాడు. బాల్కనీల మీంచి బుట్టలు దింపి కూరలు కొనుక్కునే ఆడవాళ్ళు బుట్టతో పాటు తలలు కూడా దింపారు. మూడు చొక్కాలు, ఒక పైజమా, రెండు జతల మేజోళ్ళు పోయాయి. మేజోడుకి కుర్చీ ఏమిటని తితీనా మొత్తుకున్నా, "కాళ్ళున్నవాడే కదా కూర్చునేది" అన్నాడు.

గురువారం పొద్దున ఒకావిడ లోపలికొచ్చింది. పొడుగు మనిషి, నెరసిన జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది, చంకలో రొట్టె.

"నమస్కారం. ఊరికే చూస్తున్నాను."

"చూడండి సిన్యోరా, చూడండి! చూపుకి పన్ను లేదు. ప్రభుత్వానికి ఇంకా తట్టలేదు" అన్నాడు అన్యెల్లో. "తమరిది ఉత్తరాది కదూ? బెర్గమో వైపా?"

"ఎలా తెలిసింది?"

"లోపలికొచ్చి తలుపు మూశారు. ఇక్కడ పుట్టినవాళ్ళకి తలుపు మూయొచ్చని తెలీదు."

ఆవిడ నవ్వలేదు గాని మూతి ఒక పక్కకి కదిలింది. పేరు అదల్జీసా అట. ఉద్యోగమంతా రైళ్ళలో టిక్కెట్లు తనిఖీ చేస్తూనే గడిచిందట. రిటైరయ్యాక ఎండ కోసం నాపోలి వచ్చి, మూలనున్న బేకరీ మీది ఇంట్లో దిగిందట.

"సరైన చోటే దిగారు. పైనుంచి సూర్యుడు, కిందనుంచి పొయ్యి. రెండువైపులా కాలతారు."

ఆవిడ నిజంగానే చూస్తోంది. ఒక్కో హాంగరు జరిపి, గుడ్డ వేళ్ళతో నలిపి, కుట్టు తిరగేసి, టిక్కెట్టు మీద తేదీ చదివినట్టు చూస్తోంది. వరస చివరికి వచ్చి ఆగింది.

"అది. ఒకసారి వేసుకుని చూడొచ్చా?"

వెనక గదిలో కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది. అన్యెల్లోకి అదేమీ వినబడలేదు. ఇన్నేళ్ళు వేచిన బండి ప్లాట్‌ఫారం మీదికి వచ్చిందన్న సంబరంలో చెవులు మూసుకుపోయాయి. గౌను చేతికిచ్చి ట్రయల్ రూం తెర తనే తీసి పట్టుకున్నాడు.

తెర తొలగింది. అదల్జీసా బయటికొచ్చి అద్దం ముందు నిలబడింది. ఉద్యోగమంతా బూడిదరంగు యూనిఫాంలో మోసిన భుజాలు ఒక్కసారి సెలవు దొరికినట్టు వెనక్కి వెళ్ళాయి.

"నాకెలా ఉంది?"

"కుంచెతో గీసినట్టుంది సిన్యోరా!"

అది అన్యెల్లో అందరికీ చెప్పే మాటే. సన్నవాళ్ళకీ, లావువాళ్ళకీ, చొక్కా తిరగేసి వేసుకున్నవాళ్ళకీ చెప్పి చెప్పి మోచేతుల దగ్గర చిరిగిపోయిన మాట. ఎంతో అలవాటుగా అనేసి, అన్న తర్వాత చూశాడు. నిజంగానే కుంచెతో గీసినట్టుంది. ఒక్క క్షణం ఆయనకే వింతగా అనిపించింది.

"అంచు రెండు వేళ్ళు తగ్గించాలి" అంది ఆవిడ.

"శనివారానికి తయారు. అంచుకి డబ్బు పుచ్చుకోం. అంచుకి డబ్బు పుచ్చుకునే కొట్టు నాపోలిలో బతకదు."

ఆవిడ చీటీ మీది ధర చదివి సరిగ్గా అంత తీసి బల్ల మీద పెట్టింది. అన్యెల్లో బిక్కమొహం వేశాడు.

"అదేమిటి సిన్యోరా, చివరి మాట అడగరా?"

"ధర రాసుందిగా."

"రాసింది నేనే. నాకే దానిమీద నమ్మకం లేదు. బేరమాడండి దయచేసి. బేరం లేకుండా అమ్మితే మధ్యాహ్నం నాకు అన్నం సయించదు."

"తగ్గించండి అయితే."

"చచ్చినా తగ్గించను!" అని గర్జించి, ప్రాణం కుదుటపడి, పది యూరోలు తగ్గించి, పైగా ఆదివారం ఆటకి ముందు వరసలో నట్టనడిమి కుర్చీ టిక్కెట్టు రెండు చేతులతో అందించాడు. "మా అమ్మాయి ఆట. తప్పకుండా రావాలి. కొత్త గౌనుకి కొత్త చోటు!"

"వస్తాను" అని ఆవిడ తలుపు మూసి వెళ్ళింది.

అన్యెల్లో కొట్టు మధ్యలో ఒక చుట్టు తిరిగాడు. "చూశావా తితీనా! ప్రతి బట్టకీ ఒక మనిషి! ఏమన్నాను?"

తితీనా గుమ్మంలోకి వచ్చింది. ఒక చేతిలో గౌను, ఇంకో చేతిలో సుద్దముక్క, నోట్లో గుండుసూదులు. సూదులు ఒక్కొక్కటీ తీసి దిండుకి గుచ్చి అప్పుడు అడిగింది.

"బావా, ఆవిడకి ఏ కుర్చీ ఇచ్చావు?"

"నడిమి కుర్చీ! రాజాలాంటి కుర్చీ!"

"ఆవిడ ఏం వేసుకొస్తుందో?"

"ఏం వేసుకొస్తుందేమిటి, కొత్త..."

మాట అక్కడే తెగింది, పాత దారంలా. అన్యెల్లో చేయి తనంత తనే బల్ల మీది కత్తెర మీదికి పోయింది. ఇనుము ముట్టుకుంటే కీడు తప్పుతుంది. కత్తెర చాలదనిపించి ఇస్త్రీపెట్టె ముట్టుకున్నాడు. అది వేడిగా ఉంది. వేసిన కేకకి ఎదురింటి బాల్కనీలోంచి ఎవరో "ఏమైంది, ధర తగ్గించావా?" అని అరిచారు.

మధ్యాహ్నం ఫొర్తూనా వచ్చి సంగతి విని కుర్చీలో కూలబడింది.

"నాన్నా, డాన్ సవేరియో సంగతి నీకు తెలీదా? ఆటకి ముందు తెరకన్నంలోంచి హాలంతా చూస్తాడు. ఊదా కనబడితే తెర లేవదు. పోయినేడు ఎవరో పెద్ద ఫాదరుగారు ఊదా నడికట్టుతో వస్తే, ఆయన నడుం చుట్టూ టేబులుగుడ్డ కట్టించాడు. పాపం ఆటంతా భోజనానికి కూర్చున్నట్టే కూర్చున్నారు. ఆదివారం తెర లేవకపోతే నేను నవ్వించేదెవర్ని? మళ్ళీ ఆదివారం మేనకోడలిది!"

"టిక్కెట్టు వెనక్కి అడిగితే?"

"పిలిచిన మనిషిని రావద్దంటావా? అది ఊదాకంటే పెద్ద అపశకునం."

"పోనీ ఇస్త్రీపెట్టె కాసేపు ఎక్కువుంచితే..." అని అన్యెల్లో తితీనా వైపు చూశాడు.

"నా చేత్తో బట్టని కాల్చను. నీ నాలుక కాల్చుకో, సందుకి మేలు" అంది తితీనా. "నిజం చెప్పేయొచ్చుగా ఆవిడకి?"

"నిజమా? కొట్లోనా?" అన్యెల్లో అదిరిపడ్డాడు. "పైగా బెర్గమో మనిషి. శకునమంటే నవ్వి, పనిగట్టుకుని ఊదా గొడుగు కూడా తెస్తుంది."

ఫొర్తూనా లేచి నిలబడింది. "నాన్నా, చిన్నప్పట్నుంచీ వింటున్నాను. సముద్రానికి ఉప్పు అమ్ముతాను, అగ్నికొండకి అగ్గిపెట్టె అమ్ముతాను అంటావే. నువ్వే అంటగట్టావు, నువ్వే వద్దనిపించు. ఒక్క గౌను. ఒక్కసారి."

"అదెంత పని!" అన్నాడు అన్యెల్లో. ధైర్యం ఆయన ఒంటికి పుట్టుకతో కుట్టి ఇచ్చిన చొక్కా, ఏ సైజుకైనా సాగుతుంది. "అమ్మడం వచ్చినవాడికి అమ్మకపోవడం రాదా? శనివారం చూడు."

శనివారం అదల్జీసా చెప్పిన వేళకి వచ్చింది, తలుపు మూసింది, గౌను వేసుకుని బయటికొచ్చింది. అన్యెల్లో చుట్టూ తిరిగి, నాలుక చప్పరించి, పెదవి విరిచాడు.

"భుజాల దగ్గర బిగుతేమో సిన్యోరా?"

"లేదు."

"అయితే నడుం దగ్గర వదులు."

"లేదు."

"ఒక్కోసారి వేసుకున్నవాళ్ళకి తెలీదు. పొడుగు ఎక్కువైంది."

"మీరే తగ్గించారు."

"అయితే తక్కువైంది!" అన్యెల్లో జేబులన్నీ వెతికి రుమాలు తీసి నుదురు తుడుచుకున్నాడు. "రంగు కూడా... మీ ఛాయకి కాస్త..."

"మొన్న కుంచెతో గీసినట్టుందన్నారు."

"మొన్న వెలుతురు వేరు సిన్యోరా. మొన్నటి సూర్యుడు వేరు. ఇదిగో ఈ ఆకుపచ్చ చూడండి, ఇది మీకోసమే పుట్టింది. ఇది కాదంటే ఈ బూడిదరంగు, ఎంత హుందాగా..."

"బూడిదరంగా?" అదల్జీసా గొంతులో స్టేషన్ గంట మోగింది. "ఆ రంగులోనే నేను ముసలిదాన్నయ్యాను. ఇల్లాలికైనా పనిమనిషికైనా ఆదివారం ఒక రంగుంటుంది. నాకు ఆదివారం కూడా డ్యూటీయే. ఇన్నేళ్ళకి నా డబ్బుతో నేను కోరుకున్న మొదటి రంగిది."

"కాదనను, కాదనను... కాని తొందరేముంది, ఇంటికెళ్ళి ఆలోచించండి!"

వెనక గదిలో సూదుల డబ్బా నేలమీద పడింది. ఆ కొట్లో యజమాని నోట ఆ మాట రావడం, కసాయి నోట "కూరగాయలు తినండి" అని రావడం రెండూ ఒకటే.

అదల్జీసా అద్దం వదిలి ఆయన వైపు తిరిగింది.

"అన్యెల్లో గారూ, టిక్కెట్టు లేనివాడు ఎలా మాట్లాడతాడో నాకు తెలుసు. ముందు వాతావరణం గురించి చెబుతాడు. తర్వాత కిటికీలోంచి ఏదో చూపిస్తాడు. తర్వాత జేబులన్నీ వెతుకుతాడు. మీరు మూడూ చేశారు. టిక్కెట్టు లేకుండా ప్రయాణిస్తున్నారు. ఏ స్టేషన్లో ఎక్కారు?"

కొట్టు పెట్టిన్నాటి నుంచీ మొదటిసారి అన్యెల్లోకి మాట తడుముకోవాల్సి వచ్చింది. దొరికిందల్లా నిజమే. ఊదా గురించి, తెరకన్నం గురించి, కాఫీ తెచ్చే పిల్ల గురించి, ఆ ఒక్క ఆదివారం గురించి అంతా చెప్పేశాడు. ఆవిడ నవ్వుతుందని తల వంచుకుని ఎదురుచూశాడు. ఆవిడ నవ్వలేదు.

"పదిహేడు అచ్చిరాని అంకె అని, ఆ నంబరు సీటులో కూర్చోకుండా మిలానో నుంచి రోము దాకా నిలబడి వచ్చిన జడ్జిగారిని చూశాను" అంది. "శకునానికి జరిమానా రాసే పుస్తకం నాకెవరూ ఇవ్వలేదు."

మళ్ళీ అద్దం వైపు తిరిగింది.

"ఒక్క మాట అడుగుతాను. అమ్మేవాడిలా వద్దు, మనిషిలా చెప్పండి. నాకెలా ఉంది?"

ఇదీ అదను. "బాగాలేదు" అంటే చాలు. ఆవిడ నమ్ముతుంది. గౌను హాంగరుకి, తెర పైకి, కూతురు ఊరూరికి. అన్యెల్లో నోరు తెరిచాడు. అద్దంలో చూశాడు. బట్టలు అమ్మే మనిషికి ఎప్పుడో ఒకసారి, బట్ట తన మనిషిని కలుసుకోవడం కంటపడుతుంది. అది కనబడ్డాక అబద్ధం చెప్పడానికి నాలుక తిరగాలి కదా. తిరగలేదు. నప్పింది, అదే ముప్పు.

"కుంచెతో గీసినట్టుంది" అన్నాడు నెమ్మదిగా. "ఈ మాట అందరికీ అమ్ముకున్నాను సిన్యోరా. మీకు ఊరికే ఇస్తున్నాను."

అదల్జీసా లోపలికెళ్ళి మార్చుకుని, గౌను మడిచి సంచిలో పెట్టుకుంది. తలుపు దగ్గర ఆగింది.

"ఆలోచిస్తాను" అంది.

తలుపు మూసుకుంది. తితీనా సూదులు ఏరుకుంటూ గొణిగింది: "ఆలోచిస్తుందట. అయిపోయింది బావా. కాఫీపొడి కొనిపెట్టు."

ఆదివారం సందంతా టమాటా గుజ్జు, మాంసం పొద్దున్నుంచీ ఉడికిన వాసన. జనం భుక్తాయాసంతో, నవ్వడానికి బెల్టు వదులు చేసుకుని సాయంత్రం ఆటకి బయల్దేరారు. ముందు వరసలో చొక్కాలు వచ్చాయి, పైజమా వచ్చింది, మేజోళ్ళు వచ్చాయి. నడిమి కుర్చీ ఖాళీ. అన్యెల్లో పక్క కుర్చీలో కూర్చుని జేబులో ఇంటి తాళంచెవి నలుపుతున్నాడు. తితీనా ఇటు పక్కన కూర్చుని చేతిసంచిలో కత్తెర పట్టుకుంది, అవసరానికి ఇనుముంటుందని.

తెర వెనక ఫొర్తూనాకి ఎవరో "తోడేలు నోట్లో పడు తల్లీ!" అని నాటకాలవాళ్ళ పద్ధతిలో దీవించారు. "ఆ తోడేలు చావ!" అని అమ్మాయి గట్టిగా అనడం వినబడింది. గొంతులో వణుకు లేదు. అన్యెల్లో గుండె ఉప్పొంగింది, వెంటనే కుంగింది. తెరకన్నంలో ఒక కన్ను, దాని కింద తెల్లమీసం కొస కనబడుతున్నాయి.

సరిగ్గా అప్పుడు నడవలో బూట్ల చప్పుడైంది. అదల్జీసా వస్తోంది. ఒంటిమీద రైల్వే ఓవర్‌కోటు. గడ్డం దగ్గర మొదలై చీలమండల దాకా బూడిదరంగు, గుండీలన్నీ సైనికుల్లా వరసలో. వచ్చి నడిమి కుర్చీలో కూర్చుంది.

"ఆలోచించాను" అంది అన్యెల్లోతో.

అన్యెల్లో నోరు తెరుచుకునే ఉంది. ఆలోచిస్తానన్న మనిషి ఆలోచించడం! పుర్రెలు లేచి రావడమే దీనికంటే నయం.

"లోపల... ఏం వేసుకున్నారు?" అన్నాడు గుసగుసగా.

"టిక్కెట్టు చూపించమనే అధికారం మీకు లేదు."

కూర్చున్నప్పుడు కోటు అంచు కాస్త పైకి జరిగింది. వేలెడు వంకాయ నిగనిగలాడింది. తెరకన్నంలో కన్ను అటే తిరుగుతోంది. తితీనా వంగి తన శాలువా లాగి ఆవిడ మోకాళ్ళ మీద పడేసింది. "చలి, చలి" అంది పైకి. హాల్లో అందరూ చెమటలు కక్కుతున్నారు.

కన్ను మాయమైంది. తెర లేచింది.

వంటమనిషి వేషంలో ఫొర్తూనా వచ్చింది. యజమానురాలి టోపీ పెట్టుకుని తనే ఇంటావిడనని పెళ్ళిచూపులకొచ్చిన ముసలి నోటరీని నమ్మించాలి. మొదటి మాట అంది. నిశ్శబ్దం. రెండో మాట అంటూ టోపీ సర్దుకుంది. టోపీ లోంచి వెల్లుల్లిపాయ జారి నోటరీ ఒళ్ళో పడింది. ముందు వరసలో పైజమా కొన్నాయన పకపక నవ్వాడు. మేజోళ్ళు అందుకున్నాయి. నవ్వు వరస వెంట వరస వెనక్కి పాకి, బాల్కనీ ఎక్కి, పైకప్పుకి తగిలి కింద పడింది. ఆ తర్వాత అమ్మాయి నవ్వించలేదు, నవ్వుల్ని కొలిచి కత్తిరించి జనానికి తొడిగింది. అచ్చం తండ్రి కూతురు.

నడిమి కుర్చీలో అదల్జీసా మొహం ఉడికిన టమాటా అయింది. నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది, చెమట తుడుచుకుంటోంది. "పై గుండీ ఒక్కటైనా తీయండి సిన్యోరా" అని అన్యెల్లో బతిమాలుతూ కార్యక్రమం కాగితంతో విసురుతున్నాడు. ఆవిడ ఒక్క గుండీ తీయలేదు. డ్యూటీలో ఉన్న మనిషి.

తెర పడింది. చప్పట్లు మోగాయి.

"ఆట అయిపోయినట్టేనా?" అని అరిచింది అదల్జీసా ఆ హోరులో.

"అయిపోయింది!"

ఆవిడ లేచి నిలబడింది. గుండీలు పైనుంచి కిందికి టకటకా తీసింది. కోటు అన్యెల్లో చేతుల్లో పడేసింది. ఆ చప్పట్ల మధ్య, ముందు వరస నట్టనడుమ, ఊదారంగు గౌనులో, రాణీలా నిలబడి చేతులెత్తి చప్పట్లు కొట్టసాగింది.

మొక్కుబడి నమస్కారాల కోసం తెర మళ్ళీ లేస్తుందన్న సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాడు కోటు పట్టుకుని నోరు తెరుచుకున్నాడు.

తెర లేచింది. రంగస్థలం మధ్యలో డాన్ సవేరియో, పక్కన ఫొర్తూనా. సవేరియో వంగి నమస్కరించి తలెత్తాడు. చూశాడు. మీసం నిలిచిపోయింది. చేయి జేబులోకి పోయింది. ఆయన చూపు వెంట హాలంతా చూసింది. చప్పట్లు ఒక్కొక్కటీ రాలిపోయాయి. మగవాళ్ళ చేతులు జేబుల్లోకి, ఆడవాళ్ళ చేతులు తాళాలగుత్తుల మీదికి పోయాయి. హాలంతా ఇనుము గలగల. అదల్జీసా ఒక్కతే చప్పట్లు కొడుతోంది.

ఫొర్తూనా ఒక్క అడుగు ముందుకేసింది. నడుం మీద చేయి పెట్టుకుంది. ఇంకా వంటమనిషే.

"ఏమండీ సిన్యోరా! ఆ గౌను కుంచెతో గీసినట్టుందే! ఎక్కడ కొన్నారేమిటి?"

అదల్జీసా చప్పట్లు ఆపి, ఉద్యోగమంతా బోగీల వెంట పిలిచిన గొంతుతో జవాబిచ్చింది:

"మీ నాన్నగారి కొట్లో! నేను బేరమాడనంటే ఆయనే బతిమాలి ఆడించుకున్నారు!"

హాలు పేలింది. ఆ సాయంత్రం నవ్విన నవ్వులన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. చేతులు జేబుల్లోంచి బయటికొచ్చి తొడలు చరుచుకున్నాయి. పైనెవరో "అన్యెల్లో! నాకూ బతిమాలవోయ్!" అని కేకేశారు.

డాన్ సవేరియోకి శకునాల మీద నమ్మకం జాస్తి. కాని నవ్వు మీద అంతకంటే జాస్తి. ఆయన చేయి మెల్లగా జేబులోంచి బయటికొచ్చింది. మీసం దువ్వుకున్నాడు. ఊదారంగు గౌనుకి వంగి నమస్కారం చేశాడు. తల పక్కకి తిప్పి ఫొర్తూనాతో అన్న మాట ముందు వరసకి బాగానే వినబడింది.

"ఆ ప్రశ్న వచ్చే ఆదివారం నుంచి రెండో అంకంలో పెట్టెయ్."

"అంటే వేషం..."

"కాఫీ ఇంకెవరైనా తెస్తార్లే."

తితీనా కత్తెర సంచిలోనే వదిలేసి రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో కుట్టు విప్పి చూస్తేగాని తెలీదు.

జనం బయటికి పోతుంటే అన్యెల్లో కోటు అందించబోయాడు. అదల్జీసా తీసుకోలేదు. తలుపు తెరిచి ఉంది, బయట చలిగా ఉంది, అయినా తీసుకోలేదు.

"అదింక నాకొద్దు అన్యెల్లో గారూ. గుడ్డ మంచిది. మీ కొట్లో పెట్టండి, ఎవరికైనా నప్పుతుందేమో."

అన్యెల్లో అలవాటుగా గుడ్డ వేళ్ళతో నలిపాడు, కుట్టు తిరగేశాడు, లైనింగు తడిమాడు. అందరికీ చెప్పే మాట ఒకటి నాలుక చివరికి వచ్చింది. దాన్ని మింగేసి, "ఆలోచిస్తాను సిన్యోరా" అన్నాడు.

అని, నిజంగానే ఆలోచించడం మొదలుపెట్టాడు.